రంగు మధ్య తెల్లంచు

విజయవాడ భవానీపురం నుంచి హైదరాబాద్ రోడ్డు పట్టి పోతే కొండపల్లి, ఇంకో దిక్కున ఆగిరిపల్లి దాటితే నూజివీడు. ఒకచోట పొణికి చెక్క బొమ్మలు, మరోచోట పనస వీణలు. చెక్క మీద రంగు ఎక్కడ ఆగాలో తెలిసిన చేతులు ఈ చుట్టుపక్కల తరతరాలుగా ఉన్నాయి. గిటార్‌కు రంగు వేసేవాళ్లకు ఎదురయ్యే చిక్కు కూడా సరిగ్గా అదే.

గిటార్ ఒంటి చుట్టూ కనిపించే సన్నని తెల్లటి గీత పెయింట్‌తో గీసింది కాదు. పైపలక, పక్క చెక్క కలిసేచోట గాడి తీసి అతికించిన పట్టీ. పేరు బైండింగ్. మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. అతుకును కప్పుతుంది, దెబ్బల నుంచి అంచును కాస్తుంది. మునుపు సెల్యులాయిడ్‌తో చేసేవారు, ఇప్పుడు ఏబీఎస్ ప్లాస్టిక్ కూడా వాడుతున్నారు. కొన్ని ఖరీదైన గిటార్లకు మేపుల్ కర్ర పట్టీ ఉంటుంది.

స్టెయిన్ అనే పల్చటి రంగును చెక్క పీల్చుకుంటుంది, ప్లాస్టిక్ పీల్చదు. నీళ్లలో కలిపిన రంగు అంటితే తడిగుడ్డతో వెంటనే తుడిస్తే చాలావరకు పోతుంది. ఉప్పుకాగితం గీతలు ఉంటే మాత్రం రంగు వాటిలో దిగి కూర్చుంటుంది. స్పిరిట్ రంగులు ఇంకా మొండివి. వాటిని వదిలించాలని అసిటోన్ రుద్దారో, రంగుతోపాటు పట్టీ కూడా కరుగుతుంది. కర్ర పట్టీ అయితే ముందే సన్నని కుంచెతో లక్క పాలిష్ పూయాలి. పక్కనున్న చెక్క మీదికి అది జారితే అక్కడ స్టెయిన్ పట్టదు.

మాస్కింగ్ టేపు అతికిస్తే చాలదా? స్ప్రేకైతే కొంత పనికొస్తుంది. పల్చటి స్టెయిన్ మాత్రం టేపు అంచు కిందికి పాకుతుంది.

అందుకే గిబ్సన్ వంటి కంపెనీల్లో పట్టీని కాపాడుతూ కూర్చోరు. దాని మీదుగానే రంగు స్ప్రే చేసి, తర్వాత బ్లేడుతో గీకేస్తారు. ఈ పని ఇప్పటికీ చేత్తోనే. ఇంట్లో చేసేవాళ్లు బ్లేడుకు కాస్త టేపు చుట్టి, పట్టీ వెడల్పు మేరకే అంచు వదులుతారు. బ్లేడు నిలువుగా పట్టి దూదిలాంటి పొర లేపాలి, కోయకూడదు. అమెరికాలోని పీఆర్ఎస్ కంపెనీ వాళ్లది మరీ గడుసుతనం: పైపలక మేపుల్ అంచుకే రంగు తగలకుండా వదిలేస్తారు, అదే పట్టీలా కనిపిస్తుంది.

వీణల మీది తెల్లపట్టీలది తిరగేసిన లెక్క. పూర్వం వాటికి దంతం, జింక కొమ్ము వాడేవారు. వన్యప్రాణి చట్టానికి 1986లో వచ్చిన సవరణ దేశంలో దంతం వ్యాపారాన్ని కట్టడి చేసింది. ఇప్పుడు తెల్ల ప్లాస్టిక్కే ఎక్కువ. దాని మీద లతలు చెక్కి, గీతల్లో రంగు నింపి, మిగిలింది తీసేస్తారు. గిటార్ పనివాడు భయపడే గీతే ఇక్కడ అలంకారం.

గీకాక పట్టీనీ చెక్కనూ కలిపి పారదర్శకమైన లక్కర్ కొట్టాలి. కృష్ణ ఒడ్డున వానాకాలం ఈ పనికి మంచి సమయం కాదు. గాలిలో తేమ ఎక్కువైతే త్వరగా ఆరే లక్కర్ పాలలా తెల్లబడుతుంది. రెండు పొడి రోజుల కోసం ఆగడం నయం.

ఏళ్లు గడిచేకొద్దీ లక్కర్, సెల్యులాయిడ్ రెండూ పసుపెక్కుతాయి. అది మురికి కాదు, తుడిస్తే పోదు. పాత గిటార్ల మీద మోజున్నవాళ్లకు ఆ పసుపే ముద్దు. వాళ్లకోసం కొన్ని కంపెనీలు కొత్త గిటార్ల పట్టీలకు కావాలనే మీగడ రంగు వేస్తున్నాయి.