చేయి ఆడకపోవడం వేరు, ఆలోచన తగ్గడం వేరు

స్టీఫెన్ హాకింగ్‌కు 1963లో బయటపడిన మోటార్ న్యూరాన్ వ్యాధి కండరాలను కదిలించే నాడీకణాలను క్షీణింపజేస్తుంది. ఆయన మేధస్సును చూసినవారు ఈ జబ్బు ఆలోచన జోలికి రాదనుకున్నారు. అది పూర్తిగా నిజం కాదు. రోగుల్లో దాదాపు సగం మందికి ఆలోచనలోనో, ప్రవర్తనలోనో ఎంతో కొంత మార్పు వస్తుంది.

దాన్ని కనిపెట్టడమే చిక్కు. సాధారణ జ్ఞాపకశక్తి పరీక్షలో వాక్యం రాయాలి, బొమ్మ గీయాలి. చేతులు చచ్చుబడిన మనిషికి అక్కడే మార్కులు పోతాయి. జ్ఞాపకం బాగుండి విచక్షణ మాత్రమే తగ్గిన రోగి అందులో ఇట్టే గట్టెక్కుతాడు.

ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన షారన్ అబ్రహామ్స్ బృందం 2014లో ప్రచురించిన ‘ఈకాస్’ పరీక్ష ఇందుకు విరుగుడు. మొత్తం 136 మార్కులు. జవాబు చెప్పవచ్చు లేదా రాయవచ్చు. ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమంటారు. తర్వాత అవే మాటలను చూసి చదివిస్తారు. చదవడానికి పట్టిన సమయాన్ని తీసివేస్తే మిగిలేది ఆలోచనకు పట్టిన కాలమే. నాలుక తడబాటుకు శిక్ష ఉండదు.

రోగి ప్రవర్తన గురించి ఇంట్లోవారిని విడిగా అడుగుతారు. భర్త ఎదుట భార్య అన్నీ చెప్పలేదు కదా! ఆహార గొట్టం, శ్వాసయంత్రం అమర్చుకోవాలా వద్దా అన్నది రోగే తేల్చుకోవాలి గనుక ఈ పరీక్ష ముందుగానే జరగడం మేలు. మార్కులు తగ్గినంత మాత్రాన మతి భ్రమించినట్లు కాదు. అప్పుడు నిపుణులు మరింత లోతుగా పరీక్షిస్తారు.