ప్యాకెట్ మాట వింటే పారబోత తగ్గుతుంది

2022లో ప్రపంచం పారేసిన 105 కోట్ల టన్నుల ఆహారంలో 60 శాతం ఇళ్లదేనని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక లెక్కగట్టింది. మన దేశంలో ఇళ్లలో పారబోసేది తలకు ఏడాదికి 55 కిలోలు. పెళ్లి విందులో మిగిలిన బిర్యానీ అందరికీ కనిపిస్తుంది. అరలో మెత్తబడ్డ బిస్కెట్లు, పురుగు పట్టిన రవ్వ ఎవరి కంటా పడవు. ఇందులో కొంత ప్యాకింగ్ తీరుతోనే ఆపొచ్చు.

అపోహ: తేదీ దాటితే ఏదైనా విషమే.
వాస్తవం: అది ఏ తేదీ అన్నది చూడాలి. 'యూజ్ బై', 'ఎక్స్‌పైరీ' దాటినవి తినకూడదు. 'బెస్ట్ బిఫోర్' మాత్రం రుచికీ నాణ్యతకూ పెట్టిన గడువు. సీలు చెదరకుండా, చెప్పినట్టు దాచిన సరుకు ఆ మర్నాడే పాడైపోదు. 2020 లేబుల్ నిబంధనల్లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఎక్స్‌పైరీ తేదీని తప్పనిసరి చేసి, బెస్ట్ బిఫోర్‌ను కంపెనీల ఇష్టానికి వదిలింది. తేదీని అతుకు మడతలో, చెరిగిపోయే సిరాతో కొడితే మంచి సరుకు కూడా చెత్తలోకే పోతుంది.

అపోహ: చిప్స్ ప్యాకెట్‌ను ఉబ్బించి గాలి అమ్ముతారు.
వాస్తవం: అందులో ఉండేది సాధారణంగా నైట్రోజన్. ఆక్సిజన్ తగిలితే నూనె పాడై వాసన వస్తుంది, కుదుపులకు చిప్స్ నలిగిపోతాయి. నైట్రోజన్ ఆ రెంటినీ అడ్డుకుంటుంది. కొనేటప్పుడు చూడాల్సింది నికర బరువు. పాల పెట్టె, జ్యూస్ పెట్టె దానంతట అదే ఉబ్బితే మాత్రం లోపల పాడైందని గుర్తు.

అపోహ: నెలల తరబడి నిలిచే పెట్టె పాలల్లో మందు కలుపుతారు.
వాస్తవం: ఆ పాలను కొన్ని సెకన్ల పాటు 135 డిగ్రీలకు పైగా వేడిచేసి, సూక్ష్మక్రిములు లేని పెట్టెలో నింపుతారు. అట్ట, ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు గాలినీ వెలుతురునూ రానివ్వవు. ఉట్నూరు ఏజెన్సీ గూడేల్లో ఫ్రిజ్ లేని ఇంటికి ఇది అక్కరకొస్తుంది. కత్తిరించాక మాత్రం మామూలు పాలే. అందుకే ఒక పూటకు సరిపోయే చిన్న పెట్టె మేలు.

అపోహ: పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ లాభమే.
వాస్తవం: ముద్రించిన గడువు సీలు విప్పనంత వరకే. ఇద్దరున్న ఇంట్లో కిలో మసాలా పొడి వానాకాలంలో గడ్డకడితే, ధరలో మిగిలింది చెత్తబుట్టలో పోయినట్టే. మళ్లీ మూసుకునే జిప్, 'తెరిచాక ఇన్ని రోజుల్లో వాడాలి' అన్న గుర్తు ఉన్న ప్యాక్ చూసి కొనాలి.

అపోహ: ఇంటి పిండివంటలకు ప్యాకింగ్‌తో పనేముంది?
వాస్తవం: కరీంనగర్ సకినాలనే చూడండి. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి కాగిన నూనెలో వేయిస్తారు. పల్చటి కవర్‌లో ముడేసి ఇస్తే తేమకు మెత్తబడతాయి, వెలుతురుకూ గాలికీ నూనె వాసనేస్తాయి. మందపాటి జిప్ పౌచ్‌లో పావుకిలో చొప్పున కట్టి, చేసిన తేదీనీ, ఎక్స్‌పైరీనీ పెద్ద అక్షరాల్లో తెలుగులోనూ వేస్తే చాలు. ఒకటి తిన్నాకే రెండోది విప్పుతారు. పౌచ్‌కు అదనంగా అయ్యే ఖర్చు, పారబోసే సకినాల ఖరీదు పక్కన పెట్టి చూసుకుంటే ఏది బరువో అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ తెలుస్తుంది.