పది పౌండ్ల డాక్టరు

నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చిన కొత్తలో, అంటే 1990ల మొదట్లో, ఒక శనివారం రాత్రి అశోక్ చౌక్‌లోని మా ఇంటికి వీడియో ప్లేయరు అద్దెకు తెచ్చాను. ఆ రోజుల్లో అదొక పండుగ. వాకిట్లో చాపలు పరిస్తే వాడకట్టంతా వచ్చి కూర్చునేది. అమితాబ్ సినిమాలు రెండు అడిగితే దుకాణం అబ్బాయి ఒకటే ఇచ్చి, రెండోదానికి బదులు ఒక నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమా చేతిలో పెట్టాడు. పేరు 'కెప్టెన్ బ్లడ్'. మొదటి సినిమా ముగిసేసరికి అర్ధరాత్రి అయింది. అందరూ లేచి వెళ్లిపోయారు. మిగిలింది నేనూ, మా బాపూ. అద్దె కట్టిన క్యాసెట్టును చూడకుండా వాపసు ఇవ్వడానికి కామర్స్ చదివిన నా మనసు ఒప్పలేదు.

1935లో వార్నర్ బ్రదర్స్ వారు తీసిన చిత్రమిది. రఫాయెల్ సబాటిని నవల ఆధారం. దర్శకుడు మైకేల్ కర్టిజ్. హీరో ఎరాల్ ఫ్లిన్ అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియని ఆస్ట్రేలియా యువకుడు. హీరోయిన్ ఒలీవియా డి హావిలాండ్‌కు పంతొమ్మిదేళ్లు. ఈ ఒక్క సినిమాతో ఇద్దరూ తారలైపోయారు.

కథ 1685 నాటిది. ఇంగ్లండు రాజు రెండవ జేమ్స్ మీద తిరుగుబాటు జరుగుతుంది. పీటర్ బ్లడ్ అనే డాక్టరు, గాయపడిన తిరుగుబాటుదారుకు కట్టు కట్టిన పాపానికి రాజద్రోహి అవుతాడు. ఉరితీయకుండా ఓడలో జమైకా వలసకు పంపి, అక్కడ సంతలో నిలబెట్టి అమ్ముతారు. తోటల యజమాని ఇంటి పిల్ల అరబెల్లా అతన్ని పది పౌండ్లకు కొంటుంది. ఆ పైన అతను తోటి బానిసలతో ఓడ చేజిక్కించుకుని సముద్రపు దొంగ కావడం, ఫ్రెంచి దొంగతో కత్తియుద్ధం, అరబెల్లాతో ప్రేమ, చివరికి తనను అమ్మిన ఊరికే గవర్నరు కావడం, అన్నీ ఉన్నాయి. ఆ కత్తియుద్ధం చూస్తుంటే మన కాంతారావు గుర్తుకు రాక మానడు.

కానీ మా బాపు కత్తియుద్ధం దాకా రాలేదు. సంత దగ్గరే ఆగిపోయాడు.

"ఎంతకు కొన్నదిరా ఆ పిల్ల?"

"పది పౌండ్లు బాపూ. ఇప్పటి మన లెక్కల నాలుగైదు వందలు."

"నేను పదిహేను వందలకు వోయిన" అన్నాడు, తెర మీదినుంచి చూపు తిప్పకుండా.

మా చిన్నత్త పెళ్లికి ఆయన కార్ఖానా సావుకారు దగ్గర తీసుకున్న ఉచల్ అది. తీరడానికి ఏడేళ్లు పట్టిందట. అది తీరేదాకా వేరే మగ్గం మీద కూలి ఎక్కువ ఇస్తామన్నా పోరాదు. ఉచల్‌కు వడ్డీ ఉండదు గనుక కాగితం మీద చూస్తే మంచి అప్పే. వడ్డీకి బదులు మనిషి అక్కడే ఉండిపోవాలి. అప్పుల దరఖాస్తులు చూసే ఉద్యోగం చేస్తూ ఈ సంగతి నా ఇంట్లోనే ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ పది పౌండ్ల లెక్క చాలాకాలం నన్ను వదలలేదు. తర్వాత చదివితే తెలిసింది, అది కేవలం కథ కాదు. సెడ్జ్‌మూర్ దగ్గర 1685 జూలై 6న తిరుగుబాటు అణిగిపోయాక, జడ్జి జెఫ్రీస్ 300 మందికి పైగా ఉరి తీయించాడు. 800 మందికి పైగా వెస్ట్ ఇండీస్ వలసలకు పదేళ్ల వెట్టికి పంపారు. ఒక్కో ఖైదీ పది, పదిహేను పౌండ్లు పలుకుతాడని ఆ జడ్జే రాజుకు ఉత్తరం రాశాడు. ఆస్థానంలోని వాళ్లకు వందల లెక్కన ఖైదీలను పంచిపెట్టారు. వాళ్లు అమ్ముకున్నారు. ఆ ఖైదీలలో హెన్రీ పిట్‌మన్ అనే డాక్టరు నిజంగానే ఉన్నాడు. బార్బడోస్ నుంచి 1687లో చిన్న పడవలో తప్పించుకుని, 1689లో తన కథ అచ్చు వేయించాడు.

నన్ను నిలబెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. తిరుగుబాటు లేచిన టాంటన్ ప్రాంతం ఉన్నిబట్టకు పేరుపడ్డది. అందులో చేరినవాళ్లలో చాలామంది నేతగాళ్లు, ఉన్ని దువ్వేవాళ్లు! సినిమాలో ఒక్క మగ్గం కూడా కనిపించదు. డాక్టరు హీరో అయ్యాడు, నేతగాళ్లు అతని వెనుక నిలబడ్డ గుంపు అయ్యారు.

మన దక్షిణాదిలో ఇదే కథ 1965లో 'ఆయిరత్తిల్ ఒరువన్' అయింది. బి.ఆర్. పంతులు దర్శకుడు. ఎం.జి.ఆర్. వైద్యుడుగా, బానిసగా, సముద్రపు దొంగగా వేశాడు. ఆయన పక్కన జయలలిత నటించిన మొదటి చిత్రం అదే. రంగులు, పాటలు బ్రహ్మాండం. అందులోనూ మగ్గాలు లేవు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఉచల్ తీసుకున్న మనిషినీ, సంతలో అమ్ముడైన మనిషినీ ఒకే గాట కట్టడం సరికాదు. ఆ ఇంగ్లీషువాళ్ల వెట్టికైనా పదేళ్లని గడువుంది. అదే చెరకు తోటల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన లక్షలమందికి గడువే లేదు, వాళ్ల పిల్లలకూ లేదు. జమైకాలో జరిగే ఈ కథలో వాళ్లు దాదాపు కనిపించకపోవడం పెద్ద లోపం.

ఈ సంగతులన్నీ బాపుకు చెప్పేసరికి ఆయన మగ్గం మానేసి చాలా ఏళ్లయింది. నేతగాళ్లని వినగానే, "మల్ల ఇండ్లకు చేరిన్రా?" అని అడిగాడు. 1688లో రాజు మారాడనీ, ఆ తర్వాత వాళ్లను విడిచిపెట్టమని ఆజ్ఞ వచ్చిందనీ, అప్పటికే కొందరు అక్కడే కన్నుమూశారనీ చెప్పాను.

బాపు కొంచెంసేపు ఊరుకుని, "ఉచల్ తీరిన దినం నేను బడికొచ్చి నిన్ను తోలుకపోయి జిలేబి తినిపిచ్చిన. యాదికున్నదా?" అన్నాడు.

జిలేబి యాదికి ఉంది. పండుగ కాని రోజు ఎందుకు కొన్నాడని ఆనాడు నేను అడగలేదు.