చెప్పు జారిపోతోందా? చీలమండ ఏదో చెబుతోంది

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. లేచి నిలబడండి. ఫోన్ చేతిలోనే ఉండనీయండి, పర్లేదు. ఇప్పుడు పాదాల ముందు భాగం పైకి లేపి, మడమల మీద ఒక పది అడుగులు వేయండి. రెండు పాదాలూ సమానంగా లేచాయా? సరే, కూర్చోండి. చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

నేను ఫిజియోథెరపిస్టుని. భద్రాచలం దాటాక దుమ్ముగూడెం, చర్ల వైపు, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవి దాకా ఉన్న ఊళ్ళ నుంచి మా దగ్గరికి జనం వస్తుంటారు. అక్కడ నడక అంటే పార్కులో సాయంత్రం వాకింగ్ కాదు. సంతకైనా, తునికాకుకైనా, బస్సు ఆగే చోటికైనా కాళ్ళే దిక్కు. పాదం పోయిందంటే కూలీ పోయినట్టే.

ముందు ఒక్క అడుగుని స్లో మోషన్‌లో చూద్దాం. మొదట మడమ నేలను తాకుతుంది. తర్వాత పాదం ముందు భాగం కిందికి దిగాలి, కానీ ధబ్ మని పడకూడదు. మోకాలి కింద, కాలి ముందువైపు ఉన్న కండరం దాన్ని పట్టి, బావిలోకి చేద దింపినట్టు మెల్లగా వదులుతుంది. ఆపైన ఒళ్ళు పాదం మీదుగా ముందుకు సాగుతుంది. చీలమండ దాదాపు 10 డిగ్రీలు వంగుతుంది. పిక్క బిగిసి మడమని లేపుతుంది, బొటనవేలు వంగి నేలను వెనక్కి నెడుతుంది. పాదం గాల్లోకి లేచాక ఆ ముందు కండరానికే మళ్ళీ పని: వేళ్ళు నేలకి తగలకుండా ఎత్తి పట్టుకోవాలి. అలా ఎత్తినా, నేలకీ వేళ్ళకీ మధ్య ఉండే ఖాళీ ఎంతో తెలుసా? ఒకటి రెండు సెంటీమీటర్లు, అంతే. అందుకే ఆ కండరం కొంచెం బలహీనపడినా వేళ్ళు రాళ్ళకి తన్నుకుంటాయి.

చీలమండ కింద ఇంకో కీలు ఉంది, పాదాన్ని పక్కలకి వాల్చేది. అడవి బాటలో రాళ్ళ మీద పడకుండా నడవగలుగుతున్నామంటే దాని పుణ్యమే. దాని గురించి ఇంకోసారి.

ఈ ముందు కండరానికి కరెంటు వైరు లాంటి నరం ఒకటుంది, పెరోనియల్ నరం. మోకాలికి బయటి వైపు, కొంచెం కింద గుండ్రటి ఎముక బుడిపె తగులుతుంది, చెయ్యి పెట్టి చూడండి. నరం దాని చుట్టూ తిరిగి వెళ్తుంది, పైన చర్మం తప్ప పెద్ద రక్షణ లేదు. అది దెబ్బతింటే పాదం వేలాడిపోతుంది. దీన్నే ఫుట్ డ్రాప్ అంటారు. మనిషి మెట్లెక్కుతున్నట్టు మోకాలు ఎత్తి ఎత్తి వేస్తాడు, పాదం టప్ మని పడుతుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం, మిర్చి సీజన్లో ఒకాయన వచ్చాడు. కుడి పాదం లేవట్లేదు. కల్లంలో తాలు కాయలు ఏరుతూ రోజంతా గొంతుక్కూర్చుంటున్నానన్నాడు. అలా గంటలకొద్దీ కూర్చుంటే ఆ నరం నలుగుతుంది, పుస్తకాల్లోనే ఉంది. నాకు కథ సరిపోయింది. పట్టీ ఇచ్చాను, వ్యాయామాలు చెప్పాను, పంపించేశాను. ఏడాది తర్వాత బొటనవేలి కింద పెద్ద పుండుతో వచ్చాడు. నొప్పి లేదన్నాడు. అప్పుడు చూశాను, తొడ మీద రంగు తేలిన మచ్చ. దూదితో రాస్తే తెలియట్లేదు. కుష్ఠు వ్యాధి.

నడక నాకు ఏ నరం పోయిందో చెప్పింది. ఎందుకు పోయిందో చెప్పలేదు, నేను వెతకలేదు. నరం దెబ్బతిన్న మొదటి ఆరు నెలల్లోపు డాక్టర్ స్టెరాయిడ్ మందులు మొదలుపెడితే చాలామందికి బలం తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. ఆయన విషయంలో ఆ టైమ్ నా చేతుల్లోంచే పోయింది.

ఆ తర్వాత వచ్చిన ఒక పెద్దమ్మని మాత్రం వరండాలో అడుగుల చప్పుడుతోనే పట్టుకున్నాను. ఆమె వచ్చింది మోకాళ్ళ నొప్పికి. "చెప్పు ఊరికే జారిపోతోందయ్యా, ఎక్కడ ఊడిందో కూడా తెలవట్లే" అంది. కొడుకు చెప్పులది తప్పనుకుని రెండు కొత్త జతలు కొన్నాడు. మచ్చ వీపు మీద ఉంది, ఎవరూ చూడలేదు. నాలుగు నెలలే అయింది కాబట్టి పాదం చాలావరకు లేచింది.

మన దగ్గర దీన్ని పేరు పెట్టి అనరు, "పెద్దరోగం" అంటారు, గొంతు తగ్గించి. దేశం మొత్తం మీద 10,000 మందికి ఒక కేసు కంటే తగ్గిందని 2005 చివర్లో ప్రకటించారు. తగ్గింది, పోలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం, రకాన్ని బట్టి ఆరు లేదా పన్నెండు నెలలు. వేళ్ళు "కుళ్ళి" రాలిపోతాయని జనం అనుకుంటారు. 1946లో వెల్లూరు వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్ అసలు కారణం చూపించాడు: నొప్పి తెలియక, తగిలిన దెబ్బ మీదే నడవడం. ఆలస్యమైనా దారి ఉంది. కాలి వెనకవైపు నుంచి వచ్చే కండరం తాడుని ముందుకి మళ్ళించే ఆపరేషన్ చేస్తారు, మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులు ఇస్తారు.

అన్ని ఫుట్ డ్రాప్‌లూ కుష్ఠు కాదు, భయపడకండి. నడుములో డిస్కు జారినా, పిరుదు మీద ఇంజెక్షన్ తప్పు చోట పడినా ఇలాగే అవుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకి సాధారణంగా రెండు పాదాల్లోనూ స్పర్శ తగ్గుతుంది. అలాంటివాళ్ళు నవమికి భద్రాద్రి దాకా చెప్పుల్లేకుండా నడుస్తామంటే నేనైతే ఒప్పుకోను, రాములవారు కూడా ఒప్పుకోరనే నా నమ్మకం. మూతి వంకర పోయి, ఒక పక్క చెయ్యీ కాలూ ఒకేసారి పడిపోతే, లేదా నడుం నొప్పితో పాటు మూత్రం ఆగిపోతే మాత్రం వెంటనే పెద్దాసుపత్రికి.

ఇక మీ ఫోన్ పని. ఇంట్లో పెద్దవాళ్ళని మామూలుగా నడవమని, పక్క నుంచి, మోకాలి ఎత్తులో ఫోన్ పెట్టి స్లో మోషన్లో తీయండి. ముందు మడమ తగులుతోందా, వేళ్ళా? మోకాలు అవసరానికి మించి లేస్తోందా? తర్వాత వాళ్ళ చెప్పులు తిరగేసి చూడండి, ఒక్క చెప్పు ముందు భాగమే అరిగిందేమో. తర్వాత మొదట్లో మీరు చేసినట్టే మడమల మీద నడిపించండి, గోడ పట్టుకుని. ఒక పాదం లేవకపోతే, ఆ వీడియో పట్టుకుని ఈ వారమే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. వీపు, తొడలు కూడా చూడమని మీరే అడగండి.