మానిన గాయము - మిగిలిన మచ్చ

బండారులంకలో మగ్గము నేయుట చూచినవారికి చర్మపు కట్టడి సంగతి చెప్పుట సులభము. పడుగు నిలువుగా సాగును, పేక అడ్డముగా దూరును. ఒకదాని నొకటి పెనవేసికొనుటచేతనే బట్టకు బిగువు కలుగుచున్నది. మన చర్మపు లోపొరయందు కొల్లాజెను అను పోగులు ఇంచుమించుగా ఇట్లే పలుదిక్కులకు అల్లుకొని యుండును. గాయము లోతుగా తగిలినప్పుడు శరీరమునకు ఆ నేతను తిరిగి నేయు తీరిక లేదు. పోగులను ఒకే దిక్కుగా, దట్టముగా పరచి చిరుగును మూసివేయును. అదియే మచ్చ. దానియందు చెమట గ్రంథులు గాని, వెండ్రుకల కుదుళ్లు గాని ఉండవు. ఎన్నాళ్లు గడచినను దాని బలము మొదటి చర్మపు బలములో నూటికి ఎనుబది పాళ్లను మించదు.

కావున మచ్చను పూర్తిగా తుడిచివేయు మందు లేదు. ఉన్నదని చెప్పి అమ్మువారిని నమ్మరాదు. అయితే మచ్చను మెత్తబరచవచ్చును, అణచవచ్చును, రంగు కలుపవచ్చును. ఇది ఏ ఒక్క చికిత్స వలనను జరుగదు. కొన్నింటిని తగిన వరుసలో కలిపి చేయవలసి యుండును.

2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున మామిడికుదురు మండలములోని నగరం గ్రామమున సహజవాయువు గొట్టము ప్రేలి, ఇండ్లు, కొబ్బరిచెట్లు తగులబడిన సంగతి కోనసీమవారు మరువలేదు. ఇరువదిమందికి పైగా మరణించిరి. ఇట్టి ప్రమాదములలో మృతుల లెక్క అందరికి తెలియును. కాలిన ఒంటితో బ్రతికి బయటపడినవారు ఆ తరువాత ఎన్ని నెలలు, ఎన్ని ఏండ్లు చికిత్స పొందవలెనో తెలిసినవారు తక్కువ. పుండు మానగానే వైద్యము ముగిసెనని ఇంటికి వచ్చెదరు. మచ్చ పని అప్పుడే ఆరంభమగును.

గాయము మూసికొనిన తరువాత ఏడాది, ఒక్కొక్కప్పుడు రెండేండ్లవరకు మచ్చ మారుచునే యుండును. ఎఱ్ఱబడును, ఉబ్బును, దురద పెట్టును. కీలు మీద ఉన్నచో లోపలికి ముడుచుకొనును. నేతగాని వ్రేళ్లు ఇట్లు ముడుచుకొన్నచో తెగిన పోగును పట్టి ముడివేయజాలడు. అతనికి అది అందమునకు సంబంధించిన విషయము కాదు, కూటికి సంబంధించినది. కనుక ఈ కాలముననే వ్యాయామము చేయించి, రాత్రివేళ కీలు వంగకుండ బద్దకట్టు కట్టుదురు. కొలత తీసి కుట్టిన బిగుతు తొడుగును స్నానమువేళ తప్ప దినమంతయు, నెలల తరబడి ధరింపజేయుదురు. ఉక్కపోతలో ఇది ఎంత కష్టమో చెప్పనక్కరలేదు; పలువురు మానివేయునది ఇక్కడనే. సిలికోను రేకును రోజుకు పండ్రెండు గంటలైనను అంటించి ఉంచుట మరియొక పద్ధతి. అప్పటికిని ముడుత విడువకున్నచో శస్త్రచికిత్స చేసి, మచ్చను విడదీసి, అవసరమైనచోట వేరు చర్మము అతుకుదురు. ఆ పిమ్మట తొడుగు, వ్యాయామము మరల తప్పవు.

చెవి కుట్టినచోట, రొమ్ముపైన, భుజముపైన గాయపు హద్దు దాటి పెరుగు గట్టి కంతిని కీలాయిడు అందురు. దీనిని కోసి తీసివేసిన చాలునని తోచును. కాని కోత ఒక్కటే చేసినచో సగముమందికి పైగా మరల వచ్చును, ఒక్కొక్కప్పుడు మునుపటికంటె పెద్దదిగా. అందుచేత కోతకు తోడుగా నాలుగైదు వారముల కొకమారు ట్రయాంసినోలోను సూదిమందును మచ్చలోనికే ఎక్కింతురు. కొందరికి కోసిన వెంటనే రేడియేషను ఇత్తురు. పలు చికిత్సలను కలుపుట ఎంత అవసరమో ఇచ్చట స్పష్టముగా తెలియుచున్నది.

పల్లపు మచ్చల దారి వేరు. స్ఫోటకము మన దేశమున 1975లో తుది రోగితో అంతరించినది. నేడు ముఖముపై గుంటలు పడుట మొటిమల వలననే ఎక్కువ. మొదట మొటిమలు ఆగవలెను. లేనిచో ఒకచోట పూడ్చుచుండగా మరొకచోట త్రవ్వినట్లగును. పిమ్మట చర్మమును క్రిందికి లాగి పట్టిన పోగులను సూదితో తెంపి, నెలల ఎడముతో లేజరు గాని సన్నసూదుల చికిత్స గాని చేయుదురు. మన చామనచాయ చర్మముపై తీవ్రమైన లేజరు నల్లమరకలు మిగుల్చును గనుక తక్కువ మోతాదున ఎక్కువమారులు చేయుట మేలు.

ఇక పూత సంగతి. మచ్చను కప్పు రంగుపూత వాడుట మోసమనువారు కలరు, ముఖ్యముగా పెండ్లిచూపులవేళ. నే నట్లు తలంపను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండులోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రిలో ఆర్చిబాల్డ్ మెకిండో అను శస్త్రవైద్యుడు ముఖములు కాలిన వైమానికులకు అనేక శస్త్రచికిత్సలు చేయుచునే, వారిని వీథులలోనికి పంపి, తేరిపారజూడవద్దని ఊరివారిని కోరినాడు. చర్మము బాగుపడుట, మనిషి నలుగురిలోనికి వచ్చుట రెండును వైద్యమేనని ఆయన ఎరుగును. చర్మపు ఛాయకు సరిపోవు పూతతో ఒక యువతి కళాశాలకు వెళ్లగలిగినచో అది చికిత్సలో భాగమే. లేతమచ్చకు ఎండ తగిలిన నలుపెక్కును; గొడుగు గాని, ఎండను ఆపు లేపనము గాని వాడవలెను.

దుకాణములో అడిగి తెచ్చుకొను స్టీరాయిడు కలసిన తెలుపు లేపనములు మాత్రము వలదు. మొదట నిగారింపు చూపి, తరువాత చర్మమును పలుచబరచి, మొటిమలు లేపును. వైద్యుని చీటీ లేనిదే వీనిని అమ్మరాదని 2018లో కేంద్రప్రభుత్వము నిబంధన విధించినది.

పాతమచ్చకు ఇక దారి లేదని ఊరకుండనక్కరలేదు. ఏండ్లనాటి కాలిన మచ్చలు సైతము లేజరుతో కొంత మెత్తబడుచున్నవి. ముడుచుకొనిన అవయవములకు చేయు శస్త్రచికిత్సలు 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకమున చేర్చబడినవి. అడుగబోవువారు గాయమైన తేదీని, అంతవరకు పొందిన చికిత్సల కాగితములను వెంట తీసికొనిపోయినచో వైద్యునికి వరుస నిర్ణయించుట సులభమగును.