వేగం ఉన్నచోటే దొంగకు దారి!
బ్రౌజర్‌లోని ‘జిట్‌’కు కంచె మీద కంచె

బళ్లారిలో రైలు టిక్కెట్టు తీసుకునేవారైనా, హోసూరులో కరెంటు బిల్లు కట్టేవారైనా, బరంపురంలో పిల్లల పరీక్ష ఫలితాలు చూసుకునేవారైనా.. ముందు తెరిచేది బ్రౌజరే. పేజీ చటుక్కున రావాలి. రాకపోతే విసుగు! ఆ వేగం కోసం బ్రౌజర్‌ లోపల ఓ చిన్న కార్ఖానా నడుస్తుంటుంది. దొంగల కన్నూ దానిమీదే. అందుకే ఇంజినీర్లు ఏళ్ల తరబడి దానికి కాపలా పెంచుతూ వస్తున్నారు.

అడక్కుండానే దోసె
వెబ్‌ పేజీల్లో జావాస్క్రిప్ట్‌ ప్రోగ్రాములు ఉంటాయి. ఒకప్పుడు బ్రౌజర్లు వాటిని ఒక్కో మెట్టూ చదువుకుంటూ నడిపించేవి. 2008లో ‘వీ8’ ఇంజిన్‌తో గూగుల్‌ క్రోమ్‌ వచ్చింది. ప్రోగ్రామును అప్పటికప్పుడు ప్రాసెసర్‌కు తెలిసిన యంత్రభాషలోకి మార్చేయడం దీని ప్రత్యేకత. ఈ పని చేసేదే జస్ట్‌ ఇన్‌ టైమ్‌ కంపైలర్‌. పొట్టిగా ‘జిట్‌’.
టిఫిన్‌ సెంటర్‌లో మాస్టరుకు రోజూ వచ్చే మనిషి గుమ్మంలో కనిపిస్తే చాలు, అడక్కుండానే పెనం మీద మసాలా దోసె పడుతుంది. జిట్‌ కూడా అంతే. పదేపదే జరిగే పనిని గమనించి ‘ఇక్కడెప్పుడూ అంకెలే వస్తాయి’ అని అంచనా కడుతుంది. అక్కర్లేదనుకున్న తనిఖీలు తీసేస్తుంది. వేగం అక్కడే వస్తుంది.

లెక్క తప్పితే..
ఏ తనిఖీ అక్కర్లేదో తేల్చడంలో జిట్‌ పొరబడితే చిక్కే. దొంగ కావాలనే అంకె రావాల్సినచోట మరోటి పంపుతాడు. తనకు సంబంధం లేని మెమొరీలో చదువుతాడు, రాస్తాడు. చివరికి తన సొంత ప్రోగ్రామే నడిపిస్తాడు. మైక్రోసాఫ్ట్‌ ఎడ్జ్‌ బృందం 2021లో చెప్పిన లెక్క ప్రకారం, 2019 తర్వాత వీ8లో నమోదైన లోపాల్లో సుమారు 45 శాతం జిట్‌కు సంబంధించినవే!

ఒక్కో కంచె
2010లో డయాన్‌ బ్లజాకిస్‌ అనే పరిశోధకుడు ఫ్లాష్‌ ప్లేయర్‌పై ‘జిట్‌ స్ప్రే’ దాడి చేసి చూపారు. మామూలు అంకెల్లా కనిపించే వాటిలోనే ఆదేశాలు దాచడం అందులో కిటుకు. దానికి విరుగుడుగా అంకెలను యాదృచ్ఛిక సంఖ్యలతో కలిపి మార్చేసే పద్ధతి వచ్చింది.
2016లో ఫైర్‌ఫాక్స్‌ 46 మరో నియమం పెట్టింది. జిట్‌ కోడ్‌ను రాసేటప్పుడు నడపకూడదు, నడిపేటప్పుడు రాయకూడదు. 2021లో ఎడ్జ్‌ ఏకంగా జిట్‌ను ఆపేసి చూసింది. 2022లో యాపిల్‌ తెచ్చిన లాక్‌డౌన్‌ మోడ్‌లోనూ జిట్‌ బంద్‌. నిఘా దాడుల ముప్పున్న పాత్రికేయులు, హక్కుల కార్యకర్తల వంటి వారికోసం అది.

గోడ లోపలే కట్టడి
అందరికీ జిట్‌ తీసేస్తే పేజీలు నెమ్మదిస్తాయి. అందుకే గూగుల్‌ మరో దారి పట్టింది. తప్పు జరిగినా నష్టం గోడ దాటకూడదు.. ఇదీ ఆలోచన. వీ8 వస్తువులను 1 టెరాబైటు చిరునామాల ఆవరణలో పెట్టారు. అంత ర్యామ్‌ ఏమీ ఖర్చు కాదు, అది చిరునామాలకు కేటాయించిన జాగా మాత్రమే. నేరుగా చిరునామాలు ఇవ్వకుండా ‘ఆవరణ మొదలు నుంచి ఇంత దూరం’ అని చెబుతారు. దొంగ ఆ దూరాన్ని మార్చినా ఆవరణలోనే తిరగాలి! 2024 ఏప్రిల్‌లో గూగుల్‌ దీని గురించి వివరించింది. మామూలు వాడకంలో వేగం తగ్గేది సుమారు 1 శాతమేనట. అయితే ఈ గోడలోనూ కన్నాలు దొరకవచ్చు. వెతకడం, పూడ్చడం సాగుతూనే ఉంటుంది.

మనవంతు
పూడ్చిన కన్నం మన కంప్యూటర్‌లోనూ పూడాలంటే అప్‌డేట్‌ చేసుకోవాలి. ‘రేపు చూద్దాంలే’ అంటే ఆ కన్నం తెరిచే ఉంటుంది. అప్‌డేట్‌ దిగినా బ్రౌజర్‌ను ఒకసారి మూసి తెరిస్తేనే అమల్లోకి వస్తుంది. పదుల కొద్దీ ట్యాబ్‌లు తెరిచి వారాల తరబడి మూయనివారు ఈ సంగతి మరవొద్దు. ఇంకాస్త భద్రత కావాలంటే ఎడ్జ్‌ సెట్టింగుల్లో భద్రత పెంచే మోడ్‌ ఉంది. కొన్ని పేజీలు కాస్త నిదానిస్తాయి. బ్యాంకు పని చేసుకునేవారికి ఆ నిదానం నష్టమేమీ కాదు!