పంచాయతీ కొనుగోళ్ళు: చవుక యేది, ప్రియమేది?

గ్రామ పంచాయతీ పన్నులు వసూలు చేయుననియు, వీధులు ఊడ్పించుననియు అందరును ఎరుగుదురు. అది యొక కొనుగోలుదారు కూడ నను సంగతి మాత్రము తరచుగా స్ఫురింపదు. వీధిదీపములు, మంచినీటి మోటార్లు, పైపులు, ఇటుకలు, సిమెంటు, బ్లీచింగు పొడి, సభలకు బ్యానర్లు, గ్లాసులు - ఇవన్నియు ప్రజల పైకముతోనే కొనబడుచున్నవి. ప్రపంచమున ప్రభుత్వ సంస్థలన్నియు చేయు కొనుగోళ్ళ విలువ మొత్తము ఉత్పత్తిలో సుమారు 12 శాతమని ప్రపంచ బ్యాంకు అంచనా. కనుకనే 2015లో ఐక్యరాజ్య సమితి నిర్ణయించిన లక్ష్యములలో, ప్రభుత్వములు పర్యావరణమునకు హాని చేయని వస్తువులను కొనవలెననునది కూడ చేరినది. జపాను దేశము ఇందుకై 2000వ సంవత్సరముననే ఒక చట్టము చేసికొన్నది.

ఇంత పెద్ద మాట మన పల్లెకు ఎట్లు అన్వయించును? కర్నూలు జిల్లా పడమటి భాగమున, ఎమ్మిగనూరునకు సమీపమున, తుంగభద్ర యొడ్డు వరకు వ్యాపించిన నందవరము మండలమును దృష్టిలో నుంచుకొని ఆలోచింతము. (చౌడేశ్వరీ ఆలయముచే ప్రసిద్ధమైన నందవరము బనగానపల్లె దగ్గరిది, అది వేరు.)

మొదట వీధిదీపము. 40 వాట్ల పాత ట్యూబులైటు తన చోకుతో కలిసి ఇంచుమించు 55 వాట్ల విద్యుత్తును వాడుకొనును. అంత వెలుగును 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపము ఇయ్యగలదు. నూరు దీపములున్న గ్రామములో రాత్రికి పదకొండు గంటలు వెలిగినచో, మొదటి దానికి అరువది యూనిట్లకు పైగాను, రెండవ దానికి ఇరువదిరెండు యూనిట్లును ఖర్చగును. ఏడాదికి తేడా సుమారు 14,000 యూనిట్లు! ఆ బిల్లును కట్టవలసినది పంచాయతీయే. ఆ విద్యుత్తుకై ఎక్కడనో బొగ్గు కాలవలెను గూడ.

2017 తరువాత మన రాష్ట్రమున అనేక గ్రామములకు ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి. ఇప్పటి చిక్కు వేరు. మాడిపోయిన దీపమునకు బదులు అంగడిలో అన్నిటికంటె తక్కువ ధరకు దొరకు దానిని తెచ్చి బిగించిన, అది ఉరుముల వేళ వోల్టేజి యొక్కసారి ఎగసినంతనే పోవచ్చును. సాధారణముగా చెడునది వెలుగునిచ్చు భాగము కాదు. లోపల విద్యుత్తును సరిచేయు డ్రైవరు అను చిన్న పెట్టె. ఏడాదికి రెండుమార్లు దీపము మార్చి, రెండుమార్లు స్తంభ మెక్కించిన ఖర్చు కలిపి చూచినచో ఏది చవుకయో తేలును. కావున కొనునపుడే బి.ఐ.ఎస్. రిజిస్ట్రేషను, అధిక వోల్టేజికి తట్టుకొను ఏర్పాటు, ఇన్ని యేండ్లలోపల చెడిన అమ్మినవారే మార్చి యిచ్చు పూచీ - ఈ మూడును కోరవలెను. మంచినీటి మోటారు విషయమును ఇట్టిదే. దాని కొనుగోలు ధరకంటె అది జీవితకాలమున త్రాగు విద్యుత్తు ధరయే ఎన్నోరెట్లు ఎక్కువ. నక్షత్రముల గుర్తు గల మోటారును ఎంచుట అందువలననే.

ఇటుక సంగతి చూడుడు. మట్టి ఇటుకకు పొలముల పైమట్టి త్రవ్వవలెను, దానిని కాల్చవలెను. బూడిద ఇటుకను కాల్చ నక్కరలేదు. బొగ్గు బూడిద, సున్నము, ఇసుక వంటివి కలిపి అచ్చుపోసి, నీటితో తడిపి గట్టిపరుతురు. నందవరమునకు ఉత్తరమున, కృష్ణానది యొడ్డున, రాయచూరు థర్మల్ విద్యుత్కేంద్రము కలదు. అట్టి కేంద్రమునకు 300 కిలోమీటర్లలోపల జరుగు కట్టడములలో బూడిదతో చేసిన వస్తువులనే, అవి ఇతర వస్తువులకంటె ఎక్కువ ధర కానిచో, విధిగా వాడవలెనని 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. పంచాయతీ భవనమైనను, పాఠశాల గోడయైనను ఇందులోనికి వచ్చును. బూడిద ఇటుకపై కొందరికి నమ్మకము లేదు. సరిగా తడుపక తొందరపడి అమ్మిన ఇటుక చెడ్డదే. ఆ అనుమానము న్యాయమైనదే. పరీక్ష కష్టమైనది కాదు. సాధారణ తరగతి ఇటుకను 24 గంటలు నీట నానవేసి తూచినచో, పీల్చుకొన్న నీరు పొడి ఇటుక బరువులో 20 శాతమునకు మించరాదు.

ఇక గ్రామసభకు కట్టు బ్యానరు. 100 మైక్రానులకంటె పలుచని పి.వి.సి. బ్యానర్లు, ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళెములు 2022 జూలై 1 నుండి దేశమంతట నిషిద్ధములు. దళసరి ఫ్లెక్సీకి ఆ నిషేధము వర్తింపదు గాని, దానిని చెత్తలో తగులబెట్టిన వచ్చు విషవాయువులు దళసరికి తగ్గవు! ఆదోని ప్రత్తి వ్యాపారమునకు ప్రసిద్ధి. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లోనే చేనేత సహకార సంఘమును స్థాపించిరి. ఇట్టి సీమలో సభకు గుడ్డ బ్యానరు కరవగుట వింతగా నున్నది. గుడ్డకు ఖర్చెక్కువ యను మాట నిజమే. అయితే దానిపై తేదీ వ్రాయింపక, గ్రామము పేరును ‘గ్రామసభ’ యను మాటను మాత్రము వ్రాయించినచో ఏండ్ల తరబడి ఉతికి వాడుకొనవచ్చును. ఫ్లెక్సీ ప్రతి సభకును క్రొత్తదే. గ్లాసులకు స్టీలువి ఒకమారు కొన్న చాలును.

ఇంతవరకు విన్న సర్పంచులు ఒక ప్రశ్న వేయుదురు: “తక్కువ ధర చెప్పినవానిని విడిచి మరియొకనివద్ద కొన్నచో ఆడిట్ వారు ఊరుకొందురా?” ఈ భయము ఉత్తది కాదు. ప్రజాధనమునకు లెక్క చెప్పవలసినదే. ఉపాయ మేమనగా, గుణమును ధరలు పిలుచుటకు ముందే వ్రాయవలెను. ‘వీధిదీపములు 20’ అని మాత్రము వ్రాసి కొటేషన్లు పిలిచి, తరువాత మంచిదనుచు ఎక్కువ ధరదానిని ఎన్నుకొనుట తప్పు. ‘20 వాట్లు, బి.ఐ.ఎస్. రిజిస్ట్రేషను కలవి, మూడేండ్ల పూచీతో’ అని తీర్మానములోను, అంచనాలోను వ్రాసి, ఆ గుణములన్నియు కలవారిలో తక్కువ ధర చెప్పినవారికే ఇచ్చుట ఒప్పు. అప్పుడు నియమమును నిలుచును, వస్తువును నిలుచును. కేంద్ర శాఖలు కొను విద్యుత్ పరికరములకు నక్షత్రముల గుర్తు ఉండవలెనని 2017 నాటి సాధారణ ఆర్థిక నియమములలో వ్రాసినదియు ఈ పద్ధతియే.

అయితే ఒక హెచ్చరిక. గుణములు వ్రాయునపుడు కంపెనీ పేరు వ్రాయరాదు. ఒక్క దుకాణదారుని వద్దనే దొరకు వింత కొలతలును వ్రాయరాదు. పర్యావరణము పేరిట అయినవారికి కట్టబెట్టిన కొనుగోలు పాత కొనుగోలుకంటె మేలైనది కాదు. ముగ్గురు నలుగురైనను సరఫరా చేయగలరా యని మండల ఇంజనీరును ముందుగా విచారించుట మంచిది.

తీర్మానములో తరచుగా మరచు వాక్యము మరియొకటి కలదు - పాతవానిని ఏమి చేయవలెనని. పాత ట్యూబులైటులో పాదరసము ఉండును. పగులగొట్టి కాలువలో వేసిన అది నేలలోనికి, నీటిలోనికి చేరును. 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములు ఇట్టి దీపములకును వర్తించుచున్నవి. విప్పిన ట్యూబులను పగులకుండ పెట్టెలలో నుంచి, లెక్క వ్రాసి, రిజిస్టరయిన రీసైక్లింగు సంస్థకు చేర్చు బాధ్యత అమ్మినవారిదే యని కొటేషను పిలుపులోనే చేర్చవచ్చును.